అమెరికా ఫిగర్ స్కేటింగ్ నేషనల్స్‌కు చేరేదెలా? తల్లిదండ్రుల కోసం సమగ్ర మార్గదర్శి

శనివారం పొద్దున రింక్‌లో కాఫీ కప్పు పట్టుకుని అద్దం అవతల పిల్లల్ని చూస్తూ నిలబడితే, కొత్తగా చేరిన తెలుగువాళ్లలో ఎవరో ఒకరు పక్కకు వచ్చి అడిగే మాట దాదాపు ఒకటే. "మా పాప ఆక్సెల్ జంప్ వేసేసిందండీ. ఇక నేషనల్స్‌కి ఎలా పంపాలి?"

డాలస్ చుట్టుపక్కల ఈ ప్రశ్న మరీ ఎక్కువ. 2024, 2025, 2026లో వరసగా మూడేళ్లు అమెరికా మహిళల టైటిల్ గెలిచిన ఆంబర్ గ్లెన్ ప్లేనో అమ్మాయి మరి. మనవాళ్లు సగం మంది ఇళ్లు కొనుక్కున్న ఊరు అది. కానీ ఆమె జూనియర్ టైటిల్ గెలిచింది 2014లో. సీనియర్ టైటిల్ చేతికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆక్సెల్ వేసిన పాప అమ్మానాన్నలకు నేను ముందు చెప్పేది ఈ పదేళ్ల సంగతే.

తర్వాత చెప్పేది మా ఇంటి సంగతి. మా అమ్మాయి రెండుసార్లు నేషనల్స్‌కు ముందు మెట్టయిన సెక్షనల్స్ దాకా వెళ్లి ఆగింది. పిల్లలు ఐస్ మీద పడితే అందరికీ కనిపిస్తుంది. అమ్మానాన్నలు క్యాలెండర్ మీద పడితే ఎవరికీ కనిపించదు. టెస్టు తేదీ, ఎంట్రీ గడువు, స్థాయి ఎంపిక... వీటిలో ఒక్కటి తప్పినా ఏడాది పోయినట్టే. అందుకే ఈ మార్గదర్శిలో జంప్‌ల కంటే తేదీలు, కాగితాలు, లెక్కలే ఎక్కువ కనిపిస్తాయి.

ముందు నిచ్చెన మొత్తం ఒకసారి

అమెరికాలో ఈ ఆటను నడిపేది యూఎస్ ఫిగర్ స్కేటింగ్. 1921లో పుట్టిన సంస్థ. ప్రధాన కార్యాలయం కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంది. జాతీయ పోటీ మాత్రం సంస్థ కంటే పాతది. మొదటిసారి 1914లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో జరిగింది.

దేశాన్ని ఈస్టర్న్, మిడ్‌వెస్టర్న్, పసిఫిక్ కోస్ట్ అని మూడు సెక్షన్లు చేశారు. ఒక్కో సెక్షన్‌లో మూడేసి రీజియన్లు. చాలా ఏళ్ల పాటు లెక్క సులువుగా ఉండేది. ప్రతి రీజినల్స్‌లో మొదటి నలుగురు సెక్షనల్స్‌కి, ప్రతి సెక్షనల్స్‌లో మొదటి నలుగురు నేషనల్స్‌కి. ఇలా 12 మంది వచ్చేవారు, పోటీ లేకుండా నేరుగా వెళ్లే బై ఉన్నవాళ్లు వాళ్లకు తోడయ్యేవారు. పాత వ్యాసాల్లో మీకు ఇప్పటికీ ఈ లెక్కే కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. 2019-20 సీజన్ నుంచి వేసవిలో నేషనల్ క్వాలిఫయింగ్ సిరీస్ అనే అంచె ఒకటి చేరింది. జంటలుగా ఆడే పెయిర్స్‌కీ ఐస్ డ్యాన్స్‌కీ విడిగా జాతీయ స్థాయి ఫైనల్స్ పెట్టారు. ఎన్నో స్థానం వచ్చిందన్నదానితో పాటు ఎంత స్కోరు వచ్చిందన్నదానికీ విలువ పెరిగింది.

సింగిల్స్ స్కేటర్‌కు ఏడాది స్థూలంగా ఇలా నడుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సిరీస్ పోటీలు. అక్టోబరు ప్రాంతంలో రీజినల్స్. నవంబరులో సెక్షనల్స్. జనవరిలో నేషనల్స్. 2025లో కాన్సస్‌లోని విచిటాలో, 2026లో సెయింట్ లూయిస్‌లో జరిగాయి. ఏ మెట్టు నుంచి ఎంతమంది పైకి వెళ్తారన్న సంఖ్య సీజన్‌కో రకంగా మారుతుంటుంది. కాబట్టి వేసవి మొదట్లోనే ఆ ఏడాది ప్రకటన తెరిచి చదవండి, కోచ్ చెప్పిందే చాలనుకోకండి. కోచ్‌కు ఇరవై మంది పిల్లలుంటారు, మీకు ఒక్కరే.

మొదటి మెట్టు: సభ్యత్వం, హోమ్ క్లబ్

రింక్‌లో క్లాసులకు డబ్బు కట్టినంత మాత్రాన పోటీలకు అర్హత రాదు. లెర్న్ టు స్కేట్ యూఎస్ఏ సభ్యత్వం వేరు, యూఎస్ ఫిగర్ స్కేటింగ్ పూర్తి సభ్యత్వం వేరు. క్వాలిఫయింగ్ దారిలో నడవాలంటే రెండోది కావాలి. దాన్ని ఎక్కువమంది స్థానిక క్లబ్ ద్వారానే తీసుకుంటారు. సభ్యత్వ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ఆ తేదీ పోటీల సీజన్ మధ్యలో పడుతుంది కాబట్టి రెన్యువల్ మర్చిపోతే సరిగ్గా అవసరమైన వారమే ఎంట్రీ ఆగిపోతుంది.

హోమ్ క్లబ్, నివాసం, శిక్షణ తీసుకునే చోటు... వీటిని బట్టి మీ రీజియన్ తేలుతుంది. డాలస్ పిల్లలు మిడ్‌వెస్టర్న్ సెక్షన్‌లోని సౌత్‌వెస్టర్న్ రీజియన్‌కి వస్తారు. ఫ్రీమాంట్, శాన్ హోసే వాళ్లు సెంట్రల్ పసిఫిక్, సియాటిల్ వాళ్లు నార్త్‌వెస్ట్ పసిఫిక్, అట్లాంటా వాళ్లు సౌత్ అట్లాంటిక్. మధ్యలో ఇల్లు మారితే, ముఖ్యంగా ఉద్యోగం మారి రాష్ట్రం దాటితే, పోటీల ఎంట్రీలు తెరుచుకోకముందే క్లబ్ బదిలీ సంగతి చూసుకోండి.

ఇంకో చిన్న మెలిక. పిల్లకు 18 నిండాయంటే నియమాల దృష్టిలో పెద్దమనిషి అయినట్టే. అప్పటి నుంచి ఆటల్లో వేధింపులను అడ్డుకోవడానికి పెట్టిన సేఫ్‌స్పోర్ట్ శిక్షణ కోర్సు తనే పూర్తి చేయాలి. పుట్టినరోజు కేకు కోసిన వారంలోనే ఆ పని కానిచ్చేయండి.

రెండో మెట్టు: ఐస్ మీద కాలు నిలబడటం

దీని గురించి ఎక్కువ చెప్పను, కోచ్ చూసుకునే పని. స్నోప్లౌ శామ్, బేసిక్ 1 నుంచి 6, ప్రీ-ఫ్రీ స్కేట్, ఫ్రీ స్కేట్ 1 నుంచి 6. ఈ వరసలో గ్రూప్ క్లాసులు సాగుతాయి. మధ్యలో ఎక్కడో ప్రైవేట్ లెసన్లు మొదలవుతాయి. గ్రూప్ క్లాసు, ప్రైవేట్ లెసన్, సొంత ప్రాక్టీసు మూడూ కలిస్తేనే పిల్ల ఎదుగుతుంది. లెసన్ ఒకటే తీసుకుని ప్రాక్టీసు ఎగ్గొడితే ట్యూషన్‌కు వెళ్లి హోంవర్క్ చేయనట్టే.

హైదరాబాద్‌లో రోలర్ స్కేటింగ్ చేసి వచ్చిన పిల్లలు కొందరుంటారు. అక్కడ ఆర్టిస్టిక్ స్కేటింగ్‌కు మంచి పేరే ఉంది. హైదరాబాద్ ఆటగాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు. ఆ పిల్లలకు బ్యాలెన్స్, భయం లేకపోవడం ముందే ఉంటాయి. తేడా అంతా అంచుల్లోనే. ఐస్ బ్లేడు అడుగున సన్నని గాడి ఉంటుంది, ఆ గాడికి అటూ ఇటూ రెండు అంచులు. మొత్తం ఆట ఆ రెండు అంచుల మీదే నడుస్తుంది. లోపలి అంచు మీద ఎగరాల్సిన జంప్‌ను బయటి అంచు మీద ఎగిరితే స్కోరు షీట్‌లో తప్పు గుర్తు పడుతుంది.

బూటు, బ్లేడు విడివిడిగా కొంటారు. గాలిలో రెండు చుట్లు తిరిగే డబుల్ జంప్‌లు మొదలయ్యాక ఈ జత ధర వెయ్యి డాలర్లు దాటడం మామూలే. ఇరవై, ముప్పై గంటల స్కేటింగ్‌కు ఒకసారి పదును పెట్టించాలి. పోటీ ముందు రోజు మాత్రం వద్దు. కొత్త పదునుకు కాలు అలవాటు పడటానికి నాలుగైదు రోజులు కావాలి. మా అమ్మాయి బొటనవేలి గోరును బ్లేడు మీద మెల్లగా అడ్డంగా గీకి చూసేది. తెల్లటి పొడి లేస్తే పదును ఉన్నట్టు. ఆ పొడి రాని రోజు బండి నేరుగా షార్పెనింగ్ షాపుకే.

మూడో మెట్టు: టెస్టులు. అసలు చిక్కు ఇక్కడే

ఈతలా వయసును బట్టో టైమింగ్‌ను బట్టో ఇక్కడ స్థాయి రాదు. టెస్టు పాసవ్వాలి. ప్రీ-ప్రిలిమినరీ, ప్రిలిమినరీ, ప్రీ-జువెనైల్, జువెనైల్, ఇంటర్మీడియట్, నోవిస్, జూనియర్, సీనియర్. పోటీల్లో వినిపించే మెట్లు ఇవి. ఇంటర్మీడియట్ అనగానే మన ఇంటర్ గుర్తొచ్చి పెద్ద క్లాసు అనుకోకండి. అది దాదాపు నడిమధ్య మెట్టు.

సింగిల్స్ స్కేటర్ రెండు రకాల టెస్టులు రాసుకుంటూ, కాదు, ఆడుకుంటూ పైకి రావాలి. ఒకటి స్కేటింగ్ స్కిల్స్. పాత కోచ్‌లు ఇప్పటికీ దీన్ని మూవ్స్ ఇన్ ద ఫీల్డ్ అంటారు. ఇందులో జంప్ ఉండదు, స్పిన్ ఉండదు. రింక్ మొత్తం వాడుకుంటూ నిర్ణీత మలుపులు, అడుగులు శుభ్రంగా చేసి చూపించాలి. రెండోది జంప్‌లు, స్పిన్‌లు ఉండే సింగిల్స్ టెస్టు. ఫ్రీ స్కేట్ టెస్టు అన్నా ఇదే. సీనియర్‌గా నేషనల్స్ దారి పట్టాలంటే రెండింటిలోనూ సీనియర్ స్థాయి పాసై ఉండాలి. పై టెస్టుల్లో ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు, మెజారిటీ ఎటుంటే అటు. కాగితం మీద ఫెయిల్ అని రాయరు, రీట్రై అని రాస్తారు. మాట మెత్తనిదే గానీ కారులో ఏడుపు మాత్రం అంతే ఉంటుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ వేసవిలో మా అమ్మాయి జంప్‌లు బాగా కుదిరాయి, సింగిల్స్ టెస్టు జూన్‌లోనే పాసైంది. స్కేటింగ్ స్కిల్స్ టెస్టు ఒకటే మిగిలింది. "ఆగస్టులో ఇద్దాంలే, అప్పటికి ఇంకా బాగా చేస్తుంది" అనుకున్నాం. ఆగస్టులో మేం పేరిచ్చిన సెషన్ రోజున ఆ రింక్‌లో చల్లబరిచే యంత్రం పాడైంది. ఐస్ మీద నీళ్లు నిలిచాయి. టెస్టు రద్దు. పక్క ఊళ్లో సెషన్ వెతికితే అప్పటికే నిండిపోయింది. తర్వాతిది దొరికేసరికి ఎంట్రీ గడువు దాటి మూడు రోజులైంది. ఆ ఏడాది కింది స్థాయిలోనే పోటీ పడింది. పై స్థాయి కోసం నేర్చుకున్న ప్రోగ్రామ్, కొన్న డ్రెస్సు అన్నీ అల్మారాలోకి పోయాయి. యంత్రం పాడవడం ఎవరి తప్పూ కాదు. గడువుకు రెండు వారాల ముందు దాకా ఆగడం మాత్రం ముమ్మాటికీ మా తప్పే.

అందుకని నా లెక్క ఇది. ఏ స్థాయిలో పోటీ పడాలనుకుంటున్నారో ఆ టెస్టులు రెండూ మే నెలాఖరుకల్లా అయిపోవాలి. ఒకసారి రీట్రై వచ్చినా మళ్లీ ఇచ్చుకునే వ్యవధి మిగలాలి. జంప్‌ల మోజులో స్కేటింగ్ స్కిల్స్‌ను పక్కన పెట్టడం తెలుగు ఇళ్లలో నేను తరచూ చూసే పొరపాటు. జంప్ వీడియో ఇండియాకు పంపితే అందరూ చప్పట్లు కొడతారు, బ్రాకెట్ టర్న్ వీడియో పంపితే ఎవరికీ అర్థం కాదు.

తొందరా వద్దు. టెస్టు పాసవుతోంది కదా అని పైపైకి తోసేస్తే, పై స్థాయిలో ట్రిపుల్ జంప్‌లు వేసే పిల్లల మధ్య డబుల్స్‌తో నిలబడాల్సి వస్తుంది. అందుకే కొందరు కోచ్‌లు కావాలనే ఒక ఏడాది టెస్టు ఆపుతారు. మీ పిల్లకు అంత సీరియస్ పోటీ వద్దనుకుంటే ఎక్సెల్ అనే మరో దారి ఉంది. దాని పోటీలు, పండుగ వాతావరణం దానివే. కానీ ఆ దారి నేషనల్స్‌కు వెళ్లదని తెలిసి ఎంచుకోండి.

నాలుగో మెట్టు: ప్రోగ్రామ్ కట్టడం

సీనియర్ సింగిల్స్‌లో రెండు ప్రోగ్రామ్‌లు. షార్ట్ ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లు, ఫ్రీ స్కేట్ 4 నిమిషాలు. రెంటికీ అటూ ఇటూ 10 సెకన్ల వెసులుబాటు ఉంటుంది. జూనియర్‌లో ఫ్రీ స్కేట్ మూడున్నర నిమిషాలు. దాటినా తగ్గినా ప్రతి 5 సెకన్లకు ఒక పాయింటు కోత.

కొరియోగ్రఫీ వసంతంలోనే మొదలవ్వాలి. ఏప్రిల్‌లో కట్టిన ప్రోగ్రామ్ జూలైకి ఒంటికి పడుతుంది. జూన్‌లో కడితే సిరీస్ పోటీల్లో పిల్ల అడుగులు గుర్తు తెచ్చుకుంటూ కనిపిస్తుంది. 2014-15 సీజన్ నుంచి సింగిల్స్‌లో మాటలున్న పాటలు కూడా వాడుకోవచ్చు, కాబట్టి మన పాట పెట్టాలన్న ముచ్చట తీర్చుకోవచ్చు. హక్కుల విషయం మాత్రం ముందే తేల్చుకోండి. మన మాస్ బీట్ మొదటి 30 సెకన్లు అదిరిపోతుంది, మూడో నిమిషంలో పిల్ల ఊపిరి ఆడక ఆగుతుంటే బీట్ ఆగదు. ఎత్తు పల్లాలున్న పాట ఎంచుకోవడం తెలివైన పని.

ప్రోగ్రామ్‌లో వరసగా ఏమేం చేయబోతున్నారో రాసిచ్చే కాగితాన్ని ప్లాన్డ్ ప్రోగ్రామ్ కంటెంట్ అంటారు. ఎంట్రీ, ఈ కాగితం, పాట ఫైల్ మూడూ ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలి. పాట ఫైల్ ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి వెంట ఉంచుకోండి.

ఐదో మెట్టు: స్కోరు షీట్ చదవడం నేర్చుకోండి

పోటీ అయ్యాక ఒక్కో స్కేటర్‌కు ప్రోటోకాల్ అనే షీట్ వస్తుంది. చాలామంది అమ్మానాన్నలు మొత్తం అంకె చూసి మూసేస్తారు. నేను మాత్రం దాన్ని కిరాణా బిల్లులా వరస వరసా చదువుతాను. ఎందుకో ఒక్క జంప్ పట్టుకుని చూద్దాం.

మూడు చుట్లు తిరిగే ట్రిపుల్ లట్జ్ అనే జంప్ మూల విలువ 5.90. జడ్జీలు నాణ్యతకు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇస్తారు. ఒక్కో మెట్టుకు మూల విలువలో పదో వంతు కలుస్తుంది, లేదా పోతుంది. పూర్తిగా తిరిగి, దిగేటప్పుడు పడిపోయిందనుకోండి. మైనస్ 5 అంటే 2.95 పోయింది. పడినందుకు విడిగా ఇంకో పాయింటు కోత. మిగిలింది 1.95.

ఇప్పుడు అదే చోట శుభ్రమైన డబుల్ లట్జ్ వేస్తే? దాని మూల విలువ 2.10. అంటే ట్రిపుల్ వేసి పడిన పిల్ల కంటే డబుల్ వేసి చక్కగా నిలబడిన పిల్లకే ఎక్కువ. ట్రిపుల్‌లో పావు చుట్టు కంటే ఎక్కువ తగ్గితే ఆ జంప్ పక్కన చిన్న కోణం గుర్తు వేస్తారు, విలువ 80 శాతానికి, అంటే 4.72కి దిగుతుంది. అర చుట్టు తగ్గితే రెండు కోణాలు. అప్పుడు దాన్ని డబుల్‌గానే లెక్కేస్తారు. పైగా పడిపోతే 2.10లో సగం పోయి, ఇంకో పాయింటు పోయి, చేతికి దక్కేది 0.05. అంత ఎత్తు ఎగిరి, అంత గట్టిగా నడుము కొట్టుకున్నందుకు ఐదు పైసలు.

ఇక స్కోరులో రెండో సగం. కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్ అని మూడు అంశాలకు పదికి మార్కులు వేస్తారు. సీనియర్ మహిళల్లో ఆ మొత్తాన్ని షార్ట్‌లో 1.33తో, ఫ్రీలో 2.67తో గుణిస్తారు. పురుషులకు 1.67, 3.33. మీ అమ్మాయి మూడింట్లోనూ అర మార్కు చొప్పున మెరుగుపడితే షార్ట్‌లో దాదాపు 2, ఫ్రీలో దాదాపు 4, వెరసి 6 పాయింట్లు. ఒక ట్రిపుల్ లట్జ్ మూల విలువ కంటే ఎక్కువే! ఎగరకుండా, పడకుండా వచ్చే పాయింట్లివి. రింక్‌లో జంప్ పిచ్చి పట్టిన నాన్నలందరికీ నేను ఈ లెక్క టిష్యూ పేపర్ మీద వేసి చూపిస్తుంటాను.

ఆరో మెట్టు: వేసవి సిరీస్

దేశమంతటా జరిగే కొన్ని వేసవి పోటీలను సిరీస్ కింద లెక్కిస్తారు. కొలరాడో స్ప్రింగ్స్‌లో బ్రాడ్‌మూర్ ఓపెన్, మేరీల్యాండ్ వైపు చెసపీక్ ఓపెన్, స్కేట్ డెట్రాయిట్ లాంటివి ఈ పోటీల్లో పేరున్నవి. సిరీస్‌కు విడిగా రిజిస్టర్ కావాలి. పోటీకి ఎంట్రీ కట్టాం కదా, అదే లెక్కలోకి వస్తుందనుకుంటే రాదు. స్కోర్లను బట్టి సెక్షన్ వారీగా ర్యాంకింగ్ తయారవుతుంది. అందులో బాగా పైనున్న జూనియర్, సీనియర్ స్కేటర్లకు మధ్య మెట్టు దాటేసి పైకి వెళ్లే వీలు దొరుకుతుంది.

మరి ఎన్ని పోటీలకు వెళ్లాలి? నా సలహా రెండు, మహా అయితే మూడు. ఒకటి ఇంటికి దగ్గరలో, సీజన్ మొదట్లో. అక్కడ తప్పులు బయటపడనివ్వండి. రెండోది ఐదారు వారాల తర్వాత, వాటిని దిద్దుకున్నాక. ప్రతి వారం విమానం ఎక్కితే డబ్బూ పోతుంది, ప్రాక్టీసూ పోతుంది. కొలరాడో స్ప్రింగ్స్ సముద్ర మట్టానికి ఆరు వేల అడుగులకు పైనే ఉంటుంది. డాలస్ నుంచి వెళ్లిన పిల్లకు నాలుగు నిమిషాల ప్రోగ్రామ్ చివర ఊపిరి అందదు. వీలైతే రెండు మూడు రోజులు ముందే చేరుకోండి.

ఏడో మెట్టు: రీజినల్స్, సెక్షనల్స్

పోటీ తీరు రెండు చోట్లా ఒకటే, టెన్షన్ మాత్రం ఒకటి కాదు. రీజినల్స్‌లో తెలిసిన ముఖాలుంటాయి. సెక్షనల్స్‌లో వార్మప్‌కు దిగిన ఆరుగురిలో ఇద్దరు టీవీలో చూసినవాళ్లయినా ఆశ్చర్యం లేదు.

అధికారిక ప్రాక్టీసులో ఒక్కొక్కరి పాట వరసగా వేస్తారు. పాట నడుస్తున్న స్కేటర్‌కు మిగతావాళ్లు దారి ఇవ్వాలి. మీ పాట వంతు రాకముందే అలిసిపోకుండా చూసుకోవడం కూడా ఒక నైపుణ్యమే. పోటీ రోజున ఆరు నిమిషాల వార్మప్. ఆ తర్వాత పేరు పిలిచాక 30 సెకన్లలో నిలబడాల్సిన చోట నిలబడాలి, ఆలస్యమైతే పాయింటు కోత. గ్రూప్‌లో మొదటి స్కేటర్‌కు వార్మప్ అయిన వెంటనే వంతు వస్తుంది, ఊపిరి తీసుకోవడానికి కూడా టైమ్ ఉండదు. డ్రా తీసిన రోజే వంతు చూసుకుని, మొదటిదైతే వార్మప్‌ను చివరి నిమిషంలో తగ్గించుకోవడం ఇంటి దగ్గరే ప్రాక్టీసు చేయించండి.

డ్రెస్సు మీద రాళ్లు, పూసలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడండి. డ్రెస్సు నుంచి ఏదైనా ఊడి ఐస్ మీద పడితే ఒక పాయింటు పోతుంది. లేసు ఊడి ప్రోగ్రామ్ ఆపాల్సి వస్తే, సరిచేసుకోవడానికి మూడు నిమిషాల దాకా ఇస్తారు గానీ ఐదు పాయింట్లు కోస్తారు. మా అమ్మాయి బ్యాగ్ పక్క జేబులో ఒక జత లేసులు, ఒక స్క్రూడ్రైవర్, సూది దారం, రెండు అరటిపళ్లు ఎప్పుడూ ఉండేవి. లేసు ముడి మీద టేపు వేయడం ఆమె మొదటి సెక్షనల్స్ తర్వాత నేర్చుకుంది. ఎందుకు నేర్చుకుందో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

సెక్షనల్స్‌లో షార్ట్ అయ్యాక ర్యాంకు చూసి నీరుగారిపోవద్దు. మొత్తం స్కోరులో పెద్ద వాటా ఫ్రీ స్కేట్‌దే. పైగా స్కోరు ఆధారంగా కూడా ఎంపికలు జరిగే పద్ధతిలో, మీ సెక్షన్‌లో ఐదో ఆరో స్థానం వచ్చినా వేరే సెక్షన్ ఫలితాలు వచ్చేదాకా ఆశ మిగిలే ఉంటుంది. రెండోసారి మేమలాగే హోటల్ గదిలో కూర్చుని మరో సెక్షన్ ఫలితాల పేజీని రాత్రి పదకొండు దాకా రిఫ్రెష్ చేశాం. అంకెలు మా వైపు రాలేదు.

బై ఎవరికి దొరుకుతుంది?

నేషనల్స్‌లో కనిపించే పెద్ద పేర్లు సెక్షనల్స్‌లో ఎందుకు కనిపించవని చాలామంది అడుగుతారు. కిందటి నేషనల్స్ సీనియర్ విభాగంలో మొదటి ఐదు స్థానాల్లో నిలిచినవాళ్లు, ఇటీవలి ఒలింపిక్స్ పతక విజేతలు, అంతర్జాతీయ పోటీలైన గ్రాండ్ ప్రి ఫైనల్‌కో జూనియర్ గ్రాండ్ ప్రి ఫైనల్‌కో చేరినవాళ్లు, సెక్షనల్స్ సమయంలోనే దేశం తరఫున అంతర్జాతీయ పోటీకి వెళ్లినవాళ్లు... ఇలాంటివాళ్లకు బై దొరుకుతుంది. ఇది అన్యాయమని రింక్‌లో గొణుక్కునేవాళ్లుంటారు. నాకలా అనిపించదు. దేశం పంపితే వెళ్లిన పిల్ల అందుకు శిక్ష అనుభవించకూడదు కదా.

నేషనల్స్‌కు వెళ్లాక ఏమవుతుంది?

అక్కడ నాలుగు పతకాలిస్తారు. స్వర్ణం, రజతం, కాంస్యం, నాలుగో స్థానానికి ప్యూటర్ అనే సీసం రంగు లోహపు పతకం. కింది స్థాయుల్లో మెరిసిన పిల్లలను జాతీయ డెవలప్‌మెంట్ క్యాంపుకు పిలుస్తారు. 2025లో విచిటా నేషనల్స్ తర్వాత జరిగిన క్యాంపు నుంచి తిరిగి వస్తున్న పిల్లలు, తల్లిదండ్రులు, కోచ్‌లు ఉన్న విమానం జనవరి 29న వాషింగ్టన్ దగ్గర సైనిక హెలికాప్టర్‌ను ఢీకొంది. రెండింటిలోనూ కలిపి చనిపోయిన 67 మందిలో 28 మంది స్కేటింగ్ కుటుంబంవాళ్లే. ఆ వారం దేశంలో ఏ రింక్‌లోనూ ఎవరూ మామూలుగా లేరు.

నేషనల్స్ గెలిస్తే ఒలింపిక్స్ ఖాయమన్నది మనవాళ్లలో ఉన్న మరో అపోహ. జట్టును ఎంపిక కమిటీ తేలుస్తుంది, నేషనల్స్ ఫలితం అందులో ఒక భాగం మాత్రమే. 2014లో నాలుగో స్థానంలో వచ్చిన ఆష్లీ వాగ్నర్‌ను సోచి ఒలింపిక్స్‌కు పంపి, మూడో స్థానంలో వచ్చిన మిరాయ్ నగాసును ఇంట్లో ఉంచారు.

వయసు మెలిక కూడా ఉంది. అంతర్జాతీయ సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కి పెంచారు. జాతీయ స్థాయిలో ఆ అడ్డు లేదు. అలీసా లియు 2019లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది, కానీ ఆ ఏడాది సీనియర్ వరల్డ్స్‌కు వెళ్లే వయసు లేదు. 2024లో 15 ఏళ్ల జోసెఫీన్ లీ రజతం గెలిచినా పరిస్థితి అదే.

పౌరసత్వం విషయానికొస్తే, ఒలింపిక్స్‌కు ఏ దేశం తరఫున వెళ్తారో ఆ దేశ పౌరులై ఉండాలి. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలైతే ఏ మెట్టు దాకా వెళ్లవచ్చో జువెనైల్ దశలోనే క్లబ్‌ను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. అమెరికాలో పుట్టి భారత్ తరఫున ఆడుతున్న తారా ప్రసాద్ లాంటివాళ్లూ ఉన్నారు. అయోవాలో పుట్టి, భారత పౌరసత్వం తీసుకుని, మన దేశ ఛాంపియన్ అయింది.

డబ్బు గురించి దాచడం దేనికి? ఐస్ టైమ్, లెసన్లు, బూట్లు, కొరియోగ్రఫీ, డ్రెస్సులు, విమానం, హోటల్, కోచ్ ప్రయాణ ఖర్చుల్లో మీ వాటా... జూనియర్, సీనియర్ స్థాయికి వచ్చేసరికి ఏడాదికి పదుల వేల డాలర్లు అవుతాయి. కోచ్ మీతో పోటీకి వస్తే ఆ రోజుల ఫీజు, టికెట్టు, గది ఎలా పంచుకుంటారో సీజన్ మొదట్లోనే కాగితం మీద రాయించుకోండి. నవంబరులో విమానాశ్రయంలో ఆ మాట ఎత్తితే ఇద్దరికీ ఇబ్బందే.

మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పటికీ ఒక తెల్ల కాగితం ఉంది. దాని మీద ఐదే వరసలు. జూలై 1 రెన్యువల్. మే 31 లోపు రెండు టెస్టులు. సిరీస్ రిజిస్ట్రేషన్. రీజినల్స్ ఎంట్రీ గడువు. పాట ఫైల్ గడువు. మొదటి రెండూ అచ్చు వేసినవే, మిగతా మూడింటి తేదీలు ప్రతి ఏడాదీ పెన్సిల్‌తో రాస్తాను. ఇప్పుడు మా చిన్నవాడు ప్రీ-జువెనైల్‌లో ఉన్నాడు.